నలభై ఒక్క ముడులు

కొండ మీదికి వెళ్లింది ఐదుగురు ఆడవాళ్లు. పిలుపులు ఆరు వినిపించాయి.

శరణ్య తానే తప్పు లెక్కపెట్టానేమో అనుకుంది. ఆమె కింద బండ మీద కూర్చుని తూకం, ఐసు పెట్టె, నమూనాల సంచులు సర్దుకుంటోంది. గోనెగండ్ల దాటాక గుండ్లపల్లె, ఆ ఊరి వెనక కొండ, కొండ నిండా కలే పొదలు, వాక్కాయ జాతి ముళ్ల పొదలు. పొద మనిషి కన్నా ఎత్తు పెరుగుతుంది. నాలుగడుగుల అవతల ఉన్న మనిషి కూడా కనిపించదు. అందుకని కలే పండ్లు కోసేవాళ్లు ఉండుండి పిలుచుకుంటారు. ఒకరు "ఓ... ఊఁ" అని గొంతెత్తితే తక్కినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పలకాలి. ఎవరి గొంతు ఏదో అందరికీ తెలుసు కనుక పేర్లతో పని లేదు. ఒక గొంతు తగ్గితే కోత ఆపేసి ఆ మనిషిని వెతుకుతారు. ఒక గొంతు ఎక్కువైతే ఏం చేస్తారో శరణ్యకు ఎవరూ చెప్పలేదు.

కాసేపటికి మళ్లీ పిలుపు వచ్చింది. ఈసారి ఆమె వేళ్లు మడిచింది. ఐదు వేళ్లూ అయిపోయాక ఎడమ పక్క నుంచి ఇంకో గొంతు పలికింది.

ఆ తర్వాత కొండ మీద ఎవరూ పిలుచుకోలేదు. ముందు మారెమ్మ దిగి వచ్చింది, వెనక మంజుల, ఆ వెనక మౌనిక, మిగతా ఇద్దరు. ఏ గంపా సగం నిండలేదు.

"ఈ పొద్దుకు సాలు మేడం," అంది మారెమ్మ.

"ఇంకా పది కాలేదు. ఎడమ పక్కకు పోనే లేదు మీరు. నాకు కావలసినవి ఆ పొదలే కదా."

"ఆ పక్కకు మేము పోము."

"ఎందుకు?"

మారెమ్మ మౌనిక వైపు చూసింది. మౌనిక గంపలో ఆకులు ఏరుతూ తలెత్తలేదు.

"సచ్చినోళ్లు పిలిస్తే పలకగూడదు మేడం. పలికితే పలికినోళ్ల యెనకాల వస్తారు. ఈ మంజుల పలకబోయింది. నేను నోరు మూసినా."

"నువ్వు మూసింది నోరు గాదు, ముక్కు," అంది మంజుల. "ఊపిరాడక నేనూ పోయింటే ఆయమ్మకు తోడయ్యేదాన్ని."

ఎవరు పిలిచారని శరణ్య అడగలేదు. ఎడమ పక్క పొదలు భీమమ్మవి. భీమమ్మ మౌనికకు అత్త. కార్తీకంలో మూడు రోజులు జ్వరంతో పడుకుని పోయింది.

*

శరణ్య ఎమ్మిగనూరులో ఒక పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. కేంద్రం అంటే రెండు గదులు, ఒక నర్సరీ. మూడేళ్ల కింద ఆ కేంద్రం, మైసూరులో ఒక ప్రయోగశాల, గుండ్లపల్లె ఆడవాళ్ల సంఘం కలిసి ఒక పనికి పూనుకున్నాయి. కొండ మీద కలే పండ్లు ఏటా పండుతాయి. కొన్ని మనుషులు తింటారు, కొన్ని మేకలు తింటాయి, మిగతావి రాలి పోతాయి. కోసిన పండు రెండో రోజుకు పాడవుతుంది. పొదల్లో మేలైనవి ఏరి, వాటి కొమ్మలతో అంట్లు కట్టి, పండును ఎండబెట్టి ఏడాది పొడుగునా పొడిగా వాడుకునే దారి వెతకాలి. ఇదీ పని. మైసూరు వాళ్లకు ఒకే పొద నుంచి మూడు కాతల పండు కావాలి. ఒక ఏడు తీపి ఉన్న పొద మరో ఏడు పుల్లగా కాయవచ్చు. మూడేళ్లూ నిలిచిన పొదనే అంటు కట్టడానికి తీసుకుంటారు. రెండు కాతలు అయ్యాయి. ఇది మూడోది. ఇంకో పది రోజుల్లో పండు అయిపోతుంది.

మేలైన పొదలు ఏరింది భీమమ్మ. మొదటి ఏడాది మూడు రోజులు కొండంతా తిరిగి ప్రతి పొద పండూ నమిలింది. గింజలు అరచేతిలోకి ఉమ్మి లెక్కపెట్టి "ఇది" అనేది, లేదా "పద" అనేది. అలా నలభై ఒక్కటి తేల్చింది. శరణ్య తీపి కొలిచే గొట్టం పెట్టి చూస్తే ముప్పై ఎనిమిది సరిపోయాయి. మిగతా మూడింటి సంగతి చెబితే, "నీ గొట్టానికి సలి సేసినట్టుంది, సూపిచ్చుకో పో," అంది భీమమ్మ. మరుసటి ఏడు ఆ మూడూ సరిపోయాయి.

మొదటి ఏడాదే పొదలకు అంకెలు కట్టాల్సి వచ్చింది. శరణ్య రేకు బిళ్లల మీద ఒకటి నుంచి నలభై ఒకటి దాకా కొట్టించింది. భీమమ్మ తన చీర అంచు చింపి పేలికలు చేయబోయింది. కోసేవాళ్లలో అది వాడుక. ఎవరు ఏ పొదకు పేలిక కడితే ఆ పొద వాళ్లది. శరణ్య ఆపింది. ఆదోనిలో వాళ్ల నాన్న కొట్లో దూది నమూనాల మూటలు కట్టే నీలం నైలాన్ పట్టీ చుట్ట ఒకటి తెచ్చింది.

"గుడ్డ వానకు చీకిపోతుంది. దీంతో కట్టు. పదేళ్లయినా చెడదు," అంది.

"పదేండ్లా!" భీమమ్మ పట్టీని రెండు చేతులా పట్టి లాగింది. "అట్లయితే నేను సచ్చినా నా పొదలు ఎవురూ ముట్టరు పో."

అది మెచ్చుకోలు అనుకుని శరణ్య నవ్వింది. భీమమ్మ కూడా నవ్వింది. ఆ రోజే నలభై ఒక్క ముడులు వేసింది.

*

కొండ దిగాక శరణ్య సుంకప్ప ఇంటికి వెళ్లింది. సుంకప్ప భీమమ్మ భర్త. అరుగు మీద కూర్చుని విత్తనానికి వేరుసెనగ కాయలు వలుస్తున్నాడు.

"కూకో మా," అన్నాడు. "ఇన్నావంట."

"విన్నాను."

"యా పక్క నుంచి?"

"ఎడమ పక్క."

"ఆడనే ఉంటాది." ఒక కాయ చిదిమి గింజలు చాటలో వేశాడు. "ఆయమ్మకు తెలీదు మా, సచ్చిపోయినట్ల. పేలిక ఉన్నన్నాళ్లు పొద నాదే అనుకుంటాది. కోస్తానే ఉంటాది. పేలిక మురిగి రాలినాక సూసుకుంటాది, అయిపాయె అని పోతాది. మా యమ్మ పేలిక ఎమ్మిగనూరు మగ్గం చీరది. రెండు వానలకు రాలింది. నేనే పోయి సూసొచ్చినా."

సుంకప్ప లేచి పందిరి గుంజ దగ్గరికి వెళ్లాడు. గుంజకు నీలం పట్టీ ముక్క ఒకటి వేలాడుతోంది.

"కట్టంగ మిగిలిన ముక్క ఇది. ఆయమ్మ పోయిన పదో దినం ఈడ కట్టినా. ఎనిమిది నెలలాయె. ఎండలో ఉండాది, వానలో ఉండాది. నడమ ఒక నెల ఇప్పి పేడలో పూడ్సినా. నీళ్ల తొట్లో యేసినా." పట్టీని పట్టి లాగాడు. గుంజ కదిలింది. "సూడు. నిన్న తెచ్చినట్లే ఉండాది. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు సెప్పు. ఎప్పుడు రాలుతాది?"

"పదేళ్లు పట్టొచ్చు. ఎక్కువే పట్టొచ్చు."

"పదేండ్లు ఆ ముండ్లల్లోనా?" అన్నాడు సుంకప్ప. గొంతు పెంచలేదు.

"కోసేస్తే?"

"కోస్తే ముడి ముడిగానే ఉంటాది గద. ఇప్పాల. ఎవురు ఇచ్చిన గుడ్డయితే వాళ్లే ఇప్పాల. పుట్టింటి చీరయితే అన్నదమ్ములొచ్చి ఇప్పుతారు. ఈ గుడ్డ ఇచ్చింది యా పుట్టిల్లు?"

శరణ్య పట్టీ ముక్క వైపు చూసింది.

"నీదే గద మా," అన్నాడు.

"విప్పితే మావాళ్లు పండు కోయొచ్చా?"

అడిగాక, అడగకుండా ఉంటే బాగుండేదని ఆమెకు తెలిసింది. సుంకప్ప మళ్లీ వచ్చి చాట ముందు కూర్చున్నాడు.

"ఇప్పిన ఏడు పండు పిట్టలకు. మనిషి ముట్టగూడదు," అన్నాడు. "తొందరల్యా మా. ఆలోసన సేసుకో."

ఆలోచించాల్సింది ఒకటే. పట్టీతో పాటు బిళ్ల పోతుంది, వేరే దాంతో కడదామన్నా ఆ పొదలకు మళ్లీ ముడి వేయనివ్వరు. ఒకదాని మీద ఒకటి పడి పెరిగే పొదల్లో బిళ్ల పోతే ఏది పదిహేడో ఏది పద్దెనిమిదో ఫోన్లో పెట్టుకున్న చోటు గుర్తులు చూసి చెప్పలేరు. నోట్లో వేసుకుని చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉండేది. విప్పితే మూడేళ్ల పని పోయినట్టే.

*

ఆ సాయంత్రం ఆదోనిలో దామోదరం కొట్లో నమూనాలు చూస్తున్నాడు. శరణ్య తండ్రి. దూది వ్యాపారంలో నలభై ఏళ్లు. ఆయన చేతికి ఒక అలవాటు ఉంది. కంటి ముందు దారం, సుతిలి, పట్టీ ఏది విడిగా కనబడినా చుట్టి ముడి వేస్తాడు. మాట్లాడుతూనే వేస్తాడు, చూడకుండా వేస్తాడు. దామోదరం ముడి కోయాల్సిందే గాని విప్పలేమని మార్కెట్ యార్డులో హమాలీలు అంటారు.

"ఏమ్మా, మొగం అట్లుంది? పండ్లు పుల్లగుండాయా?"

"పండ్లు రాలేదు నాన్నా."

"దూది కూడా అంతే. వస్తాది వస్తాదంటారు, రాదు." ఆమె బ్యాగు తాడు ఊడి ఉంది. ఆయన దాన్ని లాక్కుని ముడి వేసి ఇచ్చాడు.

మైసూరు ప్రయోగశాల నుంచి డాక్టర్ దేవేంద్రప్ప ఫోన్ చేశాడు. పెట్టె ఎప్పుడు రైలెక్కుతుందని అడిగాడు. శరణ్య కోసేవాళ్లు రావడం లేదని చెప్పింది. కారణం చెప్పలేదు.

"ఏనమ్మా, మీ పక్క కృష్ణగిరి మండలం నుంచి వేరే కూలీలను పెట్టు. వాళ్లకు ఈ ఊరి సంగతులు తెలియవు కదా," అన్నాడు.

కూలీలు రాలేదని మాత్రమే ఆమె చెప్పింది. ఊరి సంగతి ఆయన తానుగా అన్నాడు. ముప్పై ఏళ్లుగా కొండల మీద తిరిగిన మనిషి.

"రెండు కాతలతో కుదరదా సార్?"

"రెండు కాతలతో పరిశోధన పత్రం కూడా రాదు. నువ్వే పోయి కోయమ్మా. ఒక్కో పొదకు పావు కిలో. ఎంతసేపు?"

*

మరునాడు తెల్లవారాక శరణ్య ఒక్కతే కొండెక్కింది. గంప, చేతులకు తొడుగులు తెచ్చుకుంది. పదిహేడో పొద దారికి దగ్గర, అక్కడ మొదలుపెట్టింది. నీలం పట్టీ గాలికి కొట్టుకుంటోంది. బిళ్ల కొమ్మకు తగిలి టిక్కుమంటోంది.

పొద మీద పండు లేదు. ఎర్రకాయలున్నాయి, పచ్చికాయలున్నాయి. నల్లగా మాగినవి ఒక్కటి లేదు. పిట్టలు తిన్నాయేమో అనుకుని దగ్గరికి వంగింది. పిట్ట తింటే గింజ, తొక్క కింద పడతాయి. కింద ఏమీ లేదు. మనుషులు కోస్తే పండును పట్టి లాగుతారు, తొడిమె పండుతో వస్తుంది. ఇక్కడ తొడిమెలు కొమ్మకే ఉన్నాయి. ప్రతి తొడిమె మీదా రెండు పక్కలా గోటి గాటు ఉంది.

అలా కోసేది భీమమ్మ. పాలు కారి పండు చేదెక్కకుండా రెండు గోళ్ల మధ్య తొడిమెను నొక్కి పండును తిప్పేది. మంజులకు, మారెమ్మకు, మౌనికకు ఎన్నిసార్లు చూపించినా రాలేదు. శరణ్య ఆ పద్ధతిని బొమ్మ గీసి నివేదికలో పెట్టింది.

తొడిమె చివర పాల చుక్క ఉంది. వేలు పెట్టింది. అంటుకుంది. కలే పాలు గట్టిపడటానికి పట్టే సమయం ఆమెకు తెలుసు, తానే కొలిచింది. ఆరు నిమిషాలు.

పొద అవతల నుంచి పిలుపు వచ్చింది.

"ఓ... ఊఁ."

ఒక చెయ్యి చాపితే అందేంత దూరం. శరణ్య నోరు తెరుచుకుంది. రెండేళ్లు ఆ పిలుపుకు పలికిన నోరు. అదే చేత్తో మూసుకుంది. పాలు పెదవికి అంటుకున్నాయి. పిలుపు ఇంకోసారి వచ్చింది. తర్వాత ఆగింది, పలుకు కోసం చూసినట్టు. అవతల కొమ్మలు కదల్లేదు. పద్దెనిమిదో పొద దగ్గర బిళ్ల టిక్కుమంది.

కొండ కింద బండ మీద సుంకప్ప, మౌనిక కూర్చుని ఉన్నారు. ఆమె రావడం చూసి సుంకప్ప లేచాడు. ఖాళీ గంప చూశాడు.

"కోస్తావా, ఇప్పుతావా?"

"విప్పుతాను."

"పండు పోతాది మల్ల."

"తెలుసు."

"అక్కా, తొడుగులు తీసెయ్," అంది మౌనిక. "ముడి సేతికి తెలియాల."

*

పొద్దున ఏడున్నరకు మొదలుపెట్టి సాయంత్రం నాలుగింటి దాకా విప్పింది. మౌనిక కొమ్మలు పక్కకు పట్టుకునేది, శరణ్య ముడి విప్పేది. భీమమ్మ వేసిన ముడులు రెండేళ్ల ఎండకు బిగిశాయి. కలే ముల్లు రెండుగా చీలి ఉంటుంది, ఒకటి తప్పించుకుంటే ఇంకోటి దిగుతుంది. పదో ముడి దగ్గర కుడి చేతి గోరు విరిగింది. ఇరవయ్యో ముడి దగ్గర మౌనిక నీళ్లు ఇచ్చింది. విప్పిన పట్టీలను శరణ్య గంపలో వేసింది, బిళ్లలను విడిగా సంచిలో వేసింది.

పిలుపు వస్తూనే ఉంది. ముందు ఎడమ పక్కంతా తిరిగింది. ఇరవై ముడులు విప్పాక విప్పిన పొదల వైపు నుంచి రావడం మానేసింది. ముప్పై అయ్యాక పైన మాత్రమే వినబడింది. పిలిచి ఆగేది. మౌనిక ప్రతిసారీ పెదవి కొరుక్కునేది. ఒకసారి, "మూడేండ్లు కోడలిగా పలికినా అక్కా. ఇప్పుడు గమ్మునుండల్లంటే..." అని ఆపేసింది.

చివరిది నలభై ఒకటో అంకె. రెండు గుండ్ల మధ్య పొద. శరణ్య ముడి మీద చెయ్యి పెట్టగానే పిలుపు చెవి పక్కనే వచ్చింది. చిన్నగా వచ్చింది, దూరంగా ఉన్న మనిషికి కాక దగ్గరి మనిషికి పిలిచినట్టు. ఆమె పళ్లు బిగించి ముడి లాగింది. వదులైంది. పట్టీ చేతిలోకి వచ్చింది.

ఆ తర్వాత గాలి ఉంది, పిట్టలు ఉన్నాయి. మౌనిక గొంతెత్తి "ఓ... ఊఁ" అంది. కింద నుంచి సుంకప్ప పలికాడు. శరణ్య పలికింది. ముగ్గురు. నాలుగో గొంతు కోసం చాలాసేపు నిలబడ్డారు. రాలేదు.

వాళ్లు దిగి వచ్చాక సుంకప్ప భుజం మీద తువ్వాలు తీసి మొహం మీద వేసుకుని కాసేపు ఉంచుకున్నాడు. తీసి మడిచి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"పోయినాది," అన్నాడు. "ఈ పట్టీలు యాడ పెడ్తావు మా? కాల్స గూడదు, పారేయ గూడదు. ఇచ్చినోళ్లింట్లోనే ఉండల్ల."

"మా ఇంట్లో పెడతాను. ఆదోనిలో."

"పెట్టు. ఇడిగా పెట్టు. ముడి మాత్రం పడగూడదు. మల్లా ముడి పడితే మొదటికొస్తాది. అప్పుడు కొండకు గాదు వచ్చేది, ముడి ఉన్న తావుకు."

*

శరణ్య ఎమ్మిగనూరు వెళ్లి మూడో కాత ఫారం నింపింది. నమూనాలు అందలేదు. కారణం అన్న గడిలో ఎంచుకోవడానికి వాన, తెగులు, నిప్పు, పశువులు, ఇతరం అని ఉన్నాయి. ఇతరం దగ్గర గీత పెట్టి పంపింది. దేవేంద్రప్ప ఫోన్ చేసి అరవలేదు. "విప్పావా?" అని అడిగాడు. విప్పానంది. "మా వైపు పసుపు దారం కడతారు," అని ఫోన్ పెట్టేశాడు.

ఆదోని చేరేసరికి పొద్దు గూకింది. ఇంట్లో మేడ మీద తన గదిలో బల్ల మీద పాత పేపరు పరిచి నలభై ఒక్క పట్టీలను ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. ఒకటి ఇంకోదాని మీద పడకుండా చూసింది. గది తలుపు దగ్గరికి వేసింది. గోరుకు మందు రాసుకుని పడుకుంది. చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది.

లేచేసరికి ఎనిమిదైంది. బల్ల మీద పేపరు ఉంది. పట్టీలు లేవు.

కింద కొట్లో దామోదరం నమూనాలు విప్పి వేళ్లతో దూది పోగు లాగి చూస్తున్నాడు. ఆయన మోకాలి పక్కన నీలం చుట్ట ఒకటి ఉంది. నలభై ఒక్క పట్టీలూ కొసలు కలిపి చుట్టి, నడుమ బిగించి ముడి వేసి ఉన్నాయి.

"ఫ్యాను కింద అన్నీ ఎగిరి పడినాయి తల్లీ," అన్నాడు తలెత్తకుండా. "నీ కిటికీ మూద్దామని వస్తే కాళ్లకు సుట్టుకున్నాయి. మన పట్టీయే కదా. చెడలేదు సూడు, కొత్తదాని మాదిరి ఉంది."

శరణ్య చుట్ట చేతిలోకి తీసుకుంది. ముడి మీద వేలు పెట్టింది. కొస ఎక్కడుందో దొరకలేదు. విరిగిన గోరుతో గీకింది. పక్క గోరుతో గీకింది.

"కోయమ్మా, కత్తెర ఈడనే ఉంది."

"కోయకూడదు నాన్నా. విప్పాలి. నువ్వే విప్పాలి."

"నేను వేసింది నేనే ఎప్పుడు విప్పినా?" నవ్వాడు. దూది పోగు వెలుతురుకు పెట్టి పొడవు చూశాడు.

బజారు అప్పటికి పూర్తిగా తెరవలేదు. ఎదురుగా షట్టరు ఒకటి లేచింది. వీధి మలుపు దగ్గర, దూది బండ్లు ఆగే చోట, ఎవరో గొంతెత్తారు.

"ఓ... ఊఁ."

శరణ్య తండ్రి నోటికి అడ్డంగా చెయ్యి చాపింది. మధ్యలో బల్ల ఉంది. దామోదరం బేరానికి వచ్చినవాళ్లకు నలభై ఏళ్లుగా పలికినట్టే, పోగు మీద నుంచి చూపు తిప్పకుండా పలికాడు.

"ఊఁ, రాప్పా, లోపలికి రా."